ఆరో నంబరు బల్ల

పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు తన కొలువును గురించి చెప్పవలసి వస్తే నియామకపు ఉత్తర్వు చేతికందిన దినము నుండి లెక్క మొదలుపెడతాడు. 1983లో తెలుగు పండితునిగా చేరాను, 2018లో విరమించాను అని నేనూ ఇన్నేళ్ళూ అలాగే చెబుతూ వచ్చాను. అంతకు ముందు పద్నాలుగు నెలలు చేసిన మరొక కొలువు ఉన్నది. దానిని గురించి నా పిల్లలకు కూడా చెప్పలేదు.

1978లో నేను కొవ్వూరులో భాషాప్రవీణ చదువుతున్నాను. ఆ ఏడే మా నాన్నగారు కాలం చేశారు. ఇంటి నుండి డబ్బు రావడం నిలిచిపోయింది. గోదావరికి ఆవలి ఒడ్డున, రాజమండ్రిలో ఒక హోటలులో సాయంకాలం పనికి మనుషులు కావాలనీ, రాత్రి భోజనం అక్కడేననీ తెలిసింది. ఆ రెండవ మాటే నన్ను లాగింది. 1974లో తెరచిన రోడ్డు-రైలు వంతెన మీదుగా సైకిలు తొక్కుకుంటూ వెళ్ళేవాడిని. నన్నయగారు భారతాంధ్రీకరణకు శ్రీకారం చుట్టిన పట్టణంలో నేను ఇడ్లీ వడ్డనకు శ్రీకారం చుట్టానన్నమాట!

మొదటి నెల క్లీనరును. ఎంగిలి పళ్ళాలు తీయడం, బల్ల తుడవడం నా వంతు. పొట్లాలు కట్టించుకొనడానికి ఎవరు లోపలికి వచ్చినా మా ఊరివారేమోనని గుండె గుభేలుమనేది. బకెట్టు చేతబట్టి వంటగదిలోకి తప్పుకునేవాడిని.

అక్కడ యాభై దాటిన సర్వరు ఒకాయన ఉండేవాడు. అందరూ బాబాయి అనేవారు, నేనూ ఆ పిలుపే అందుకున్నాను. నన్ను సర్వరుగా తీర్చినది ఆయనే. గ్లాసులలో వేళ్ళు మునగకుండా నాలుగు గ్లాసుల నీళ్ళు ఒక్క చేత తేవడం, ఎడమ ముంజేతి మీద మూడు ప్లేట్లు నిలపడం, పసిపిల్లలున్న బల్ల మీద వేడి కాఫీ వారి చేతికందని చోట పెట్టడం - అన్నీ సూత్రప్రాయంగా చెప్పేవాడు. "ప్లేటు కాదురా, తినేవాడి మొహం చూడు. చట్నీ కావాలని అడిగేలోపే నువ్వక్కడుండాలి" అనేవాడు.

ఆ హోటలులో బిల్లు కాగితం లేదు. తిన్నవారు లేచి గల్లాపెట్టె వైపు నడుస్తుంటే, సర్వరు వెనుక నుండి "కళ్ళజోడాయన రూపాయి నలభై!" అని కేక వేయాలి. బాబాయి ఆరు బల్లల లెక్క మనసులోనే నిలుపుకునేవాడు. మేము కళాశాలలో అవధానాల ముచ్చట్లు చెప్పుకునే రోజులవి. అష్టావధానికి పృచ్ఛకులు ఎనిమిదిమంది. వారైనా కుదురుగా కూర్చుంటారు. బాబాయికి ఇరవైమంది, అందులో సగంమంది మధ్యలో లేచిపోయేవారే. ధారణ అంటే ఏమిటో నాకు ముందుగా బోధపడినది అక్కడనే.

రాత్రి తలుపులు వేసిన తరువాత, దీపం కింద ఉండే ఆరో నంబరు బల్ల మీద బాలవ్యాకరణం తెరిచేవాడిని. బాబాయికి అక్షరం రాదు. ఎదురుగా కూర్చుని, నేను వల్లించే సూత్రాలు వినేవాడు. ఒకనాడు హఠాత్తుగా "ఒరే, నిన్న ఇక్కడ ఇంకో మాట అన్నావు" అన్నాడు. పుస్తకం చూస్తే ఆయన మాటే నిజం! అర్థం తెలియకుండానే నా తప్పు దిద్దిన గురువు ఆయన. పరీక్ష రుసుముకు తక్కువ పడితే తన టిప్పుల డబ్బా నా ముందు బోర్లించాడు. తిరిగి ఇస్తానంటే "ముందు పాసవరా" అన్నాడు.

ఇక చెప్పవలసిన మాట. 1984లో శిక్షణ తరగతుల కోసం రాజమండ్రి వెళ్ళాను. సాయంత్రం తోటి ఉపాధ్యాయులు ముగ్గురు ఆ హోటలుకే దారి తీశారు. వద్దనడానికి కారణం చెప్పలేక వెంట నడిచాను. ఖాళీగా ఉన్నది ఆరో నంబరు బల్లే. పక్కన ఒక కుర్రవాడి చేతిలోని గ్లాసు జారి నీళ్ళొలికాయి. మావారిలో ఒకాయన "చదువబ్బనివాళ్ళు చేరేది ఇక్కడికే కదా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తలెత్తేసరికి, ఒక్క చేత నాలుగు గ్లాసులతో బాబాయి నిలబడి ఉన్నాడు.

నన్ను గుర్తుపట్టాడు. నా మల్లుపంచె, ఉత్తరీయం చూశాడు. మావారి ముఖాలూ చూశాడు. "ఏం తీసుకుంటారండీ?" అన్నాడు.

'అండీ' గౌరవార్థకమని తరగతిలో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో! 'ఒరే' అనే పిలుపులో ఎంత గౌరవమున్నదో ఆ క్షణంలో తెలిసింది.

పెసరట్లు వచ్చాయి. నా ప్లేటులో అల్లప్పచ్చడి రెండింతలున్నది. నాకది ప్రీతి.

"మీకొక్కరికే అంత వేశాడేమండీ?" అన్నారు పక్కాయన.

"పొరపాటున వేసి ఉంటాడు" అన్నాను.

బాబాయి అక్కడే ఉన్నాడు. విన్నాడు. నీళ్ళు నింపి వెళ్ళిపోయాడు.

ఆరు నెలలకు ధైర్యం కూడగట్టుకుని, పాత బాకీ జేబులో పెట్టుకుని వెళ్ళాను. బాబాయి లేడు. గల్లాపెట్టె దగ్గర కొత్త మనిషి "ఎవరండీ? పేరు చెప్పండి" అన్నాడు. ఏమని చెప్పను? పద్నాలుగు నెలలు ఆ చేతి అన్నం తిన్నాను, పేరు అడగలేదు. ముప్పై అయిదేళ్ళు హాజరుపట్టీలో వేల పేర్లు పిలిచిన నాకు ఆ ఒక్క పేరు తెలియదు.

ఆయన ఈనాడు జీవించి ఉండే వయస్సు కాదు. అయినా ఆనాటి పొరపాటు ఆయనది కాదని, ఇంత ఆలస్యంగానైనా, నలుగురి ముందూ చెప్పాలనిపించింది.