గోకు ఇంగ్లీషు నేర్చిన ఊళ్ళో...

కిందటి అక్టోబరులో, అంటే 2025 దీపావళి ముందు, డల్లాస్ విమానాశ్రయంలో దిగాను. కారెక్కించుకుని మా మేనల్లుడు అడిగిన మొదటి ప్రశ్న: "ఏం చూస్తావు మామయ్యా? కెన్నెడీని కాల్చిన చోటు చూస్తావా, ఫోర్ట్‌వర్త్‌లో ఆవుల ఊరేగింపు చూస్తావా, లేకపోతే ఫ్రిస్కో హనుమంతుడి గుడికి పోదామా?"

"డబ్బింగు థియేటరు చూస్తాను," అన్నాను.

వాడు తల పట్టుకోలేదు కానీ, చేతిలో స్టీరింగు లేకపోతే పట్టుకునేవాడే. "జీవితమంతా సినిమా వాళ్ళ చుట్టూ తిరిగావు. ఇంత దూరం వచ్చి కూడా డబ్బింగు థియేటరేనా!"

వెనక సీట్లోంచి వాడి కొడుకు విక్కీ ఒక్క ఎగురు ఎగిరాడు. పదహారేళ్ళవాడు. చొక్కా మీద గోకు బొమ్మ. "తాతయ్యా! ఫ్యూనిమేషనా? నేను చూపిస్తా!"

చూశారా, ఇంట్లో మన మనిషి ఒకడుండనే ఉన్నాడు!

నాకీ కోరిక ఎందుకు పుట్టిందో ముందు చెప్పాలి. సెప్టెంబరు 12న 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్' మన దగ్గర విడుదలైంది కదా... హైదరాబాదులో తెలుగు ప్రింటుకే వెళ్ళాను. హాలు నిండా మీలాంటి వాళ్ళే. తలనెరిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తెర మీద జపాను కుర్రాడు తాంజిరో తెలుగులో ఏడుస్తుంటే నా పక్క సీటు కుర్రాడు నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. ఆ గొంతు ఎవరిదా అని చివర పేర్ల కోసం కూర్చున్నాను. అప్పటికే సగం హాలు ఖాళీ!

అప్పుడనిపించింది... బొమ్మకి ప్రాణం పోసేవాడి పేరు మనకెందుకు పట్టదు? మనకి ముప్పై ఏళ్ళ ముందే ఈ బొమ్మలకి పరభాష నేర్పిన ఊరెలా ఉంటుంది?

స్టూడియో గేటు లేని ఊరు

ఫ్లవర్ మౌండ్ అంటే పూలగుట్ట. డల్లాస్ విమానాశ్రయానికి ఉత్తరాన ఉంటుంది. ఊరికి ఆ పేరు తెచ్చిన గుట్ట నిజంగానే ఉంది. వసంతంలో అడవిపూలు పూస్తాయట. మేం వెళ్ళింది అక్టోబరు కాబట్టి ఎండిన గడ్డి తప్ప ఏమీ లేదు. మన తిరుమల కొండ ఊహించుకుని వెళ్ళిన నాకు అది గుట్ట అని విక్కీ చెబితే గానీ తెలియలేదు.

అక్కణ్ణించి లేక్‌సైడ్ పార్క్‌వే. ఒక మామూలు ఆఫీసు బిల్డింగు ముందు కారాపి, "ఇదే తాతయ్యా," అన్నాడు.

కోడంబాకంలో స్టూడియో గేట్ల దగ్గర పడిగాపులు పడ్డవాణ్ణి నేను. గూర్ఖా ఉంటాడు, జనం ఉంటారు, లోపలికి ఏ కారు పోయినా తొంగిచూసే కళ్ళుంటాయి. ఇక్కడ గూర్ఖా లేడు, జనం లేరు. గోకు, లూఫీలాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి ఇంగ్లీషు మాట్లాడిన చోటికి గుర్తుగా ఒక రాయి కూడా లేదు. కంపెనీ ఇక్కణ్ణించి కోపెల్ వైపు మారిపోయింది. తర్వాత కంపెనీ పేరే మారిపోయింది. నేను బిల్డింగు ముందు నిలబడి ఫోటో దిగాను. దారిన పోయే ఒక అమెరికన్ పెద్దాయన, ఈ ముసలాడు ఇన్‌కంటాక్సు ఆఫీసు ముందు ఫోటో దిగుతున్నాడేమిటా అన్నట్టు చూసి వెళ్ళాడు.

పొదుపులోంచి పుట్టిన గొంతులు

ఇక అసలు కథ. 1994లో గెన్ ఫుకునాగా అనే ఆయన ఫ్యూనిమేషన్ పెట్టాడు. చేతిలో ఉన్న ఆస్తి 'డ్రాగన్ బాల్'. 1996లో 'డ్రాగన్ బాల్ జెడ్' ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు డబ్బింగు జరిగింది టెక్సాస్‌లో కాదు, కెనడాలోని వాంకూవర్‌లో. సబాన్ అనే పెద్ద కంపెనీ అండగా ఉండేది. 67 ఎపిసోడ్లని కత్తిరించి 53 చేశారు. 1998లో సబాన్ చెయ్యి తీసేసింది.

సరిగ్గా అదే ఏడు ఆగస్టు 31 నుంచి కార్టూన్ నెట్‌వర్క్ తన టూనామీ కార్యక్రమంలో పాత ఎపిసోడ్లు వేయడం మొదలుపెట్టింది. పిల్లలు వెర్రెత్తిపోయారు. ఇంకా కావాలన్నారు. ఇక్కడ చూస్తే వాంకూవర్ నటులకి ఇచ్చుకునే స్తోమత లేదు. ఏం చెయ్యాలి? ఖర్చు తగ్గించుకోవాలి!

తగ్గించుకున్నారు. సొంత ఊళ్ళోనే మైకులు పెట్టి, చుట్టుపక్కల ఉన్న కొత్తవాళ్ళని పిలిచారు. అలా వచ్చినవాడే గోకుకి గొంతిచ్చిన షాన్ షెమెల్. ఇంకొకాయన క్రిస్టఫర్ శాబట్. ఆయన ఒక్కడే వెజిటా, ఆయనే పికొలో, ఆయనే యాంచా! ఒకే మనిషి తనని తాను తిట్టుకుని, తనతో తాను కొట్టుకోవాలన్నమాట. 1999లో కొత్త గొంతులు టీవీలో వినపడగానే పాత అభిమానులు అలిగారు. "మా గోకు గొంతు మార్చేశారు" అని గోల. కొన్నాళ్ళకి ఆ కొత్త గొంతులే 'అసలు' గొంతులైపోయాయి. ఈనాటికీ అమెరికా పిల్లవాడికి గోకు అంటే షెమెలే.

అన్నట్టు, జపానులో గోకుకి గొంతిచ్చేది ఎవరో తెలుసా? 1936లో పుట్టిన మసాకో నొజావా అనే ఆవిడ. అంత కండలవీరుడి వెనక ఒక బామ్మగారు! నమ్మబుద్ధి కావడం లేదు కదూ?

అంటే పాఠకులారా, ఖర్చు తగ్గించడం ఎప్పుడూ చెడ్డదే అని నేననను. ఆ పొదుపు లేకపోతే టెక్సాస్‌లో ఈ విద్యే పుట్టేది కాదు. కానీ ఒకటి గమనించండి. అప్పుడు ఖర్చు తగ్గించింది బతకడానికి.

చిన్న చేప, పెద్ద చేప

డల్లాస్‌కి నాలుగు గంటల కారు దూరంలో హ్యూస్టన్ ఉంది. అక్కడ 1992లో మొదలైన ఏడీవీ ఫిల్మ్స్ ఒకప్పుడు ఫ్యూనిమేషన్‌ని మించిన కంపెనీ. 'ఇవాంజెలియన్'కి ఇంగ్లీషు నేర్పింది వాళ్ళే. పిల్లలు డీవీడీలు కొనడం తగ్గించి ఇంటర్నెట్టులో ఊరికే చూడటం మొదలుపెట్టాక ఈ వ్యాపారానికి జ్వరం వచ్చింది. 2007లో జెనియాన్ అమెరికా శాఖ చేతులెత్తేసింది. 2008లో ఏడీవీ చేతిలోని ముప్పై దాకా సినిమాలూ సీరియళ్ళూ ఫ్యూనిమేషన్‌కి వచ్చాయి. 2009లో ఏడీవీ దుకాణం కట్టేసింది. 2012లో బండాయ్ అమెరికా శాఖ కొత్త విడుదలలు ఆపేసింది.

ఫ్యూనిమేషన్ బతికింది. కానీ దాని జాతకమూ చిత్రమైందే. 2011లో అది చేతులు మారిన ధర 2.4 కోట్ల డాలర్లు. ఆరేళ్ళ తర్వాత 2017లో దానిలో 95 శాతం వాటాకి సోనీ ఇచ్చింది 14.3 కోట్ల డాలర్లు! 2021 ఆగస్టులో అదే సోనీ, పోటీదారు క్రంచీరోల్‌ని 117.5 కోట్ల డాలర్లకి కొనేసింది. రెండు దుకాణాలూ ఒకే యజమానివి అయ్యాక రెండు బోర్డులెందుకు? 2022 మార్చిలో, ఇకమీదట అంతా క్రంచీరోల్ పేరు మీదే అన్నారు. 2024 ఏప్రిల్ 2న ఫ్యూనిమేషన్ యాప్ మూతపడింది.

డిస్కు పెట్టెలో వచ్చే కోడ్ నంబరు కొట్టి 'నా డిజిటల్ కాపీ' అని దాచుకున్నవాళ్ళకి ఆ కాపీలు కొత్త ఇంటికి రాలేదు. నెలకి 5.99 డాలర్లు కట్టేవాళ్ళు కొత్తచోట 7.99 కట్టాల్సి వచ్చింది. విక్కీ అల్మరా తెరిచి చూపించాడు - వరసగా బ్లూరే డిస్కులు. "ఇవి ఎవరూ తీసుకెళ్ళలేరు తాతయ్యా," అన్నాడు. మా అమ్మ పచ్చడి జాడీలు ఇలాగే చూపించేది!

మన భాషలో చెప్పాలంటే, నిర్మాత, డిస్ట్రిబ్యూటరు, థియేటరు ఓనరు ముగ్గురూ ఒకే ఇంటివాళ్ళైతే ఎలా ఉంటుందో అలా ఉంది. 'డీమన్ స్లేయర్' తీయించే అనిప్లెక్స్ సోనీదే. చూపించే క్రంచీరోల్ సోనీదే. డిస్కులూ బొమ్మలూ అమ్మే రైట్ స్టఫ్ అనే పాత దుకాణాన్ని కూడా క్రంచీరోల్ 2022లో కొని, 2023 అక్టోబరులో తన దుకాణంలో కలిపేసుకుంది. దీనికి ఇంకో వైపు కూడా చెప్పాలి. అంత పెద్ద చెయ్యి లేకపోతే తాంజిరో మన తెలుగు మాట్లాడేవాడా? 'సోలో లెవెలింగ్' తెలుగులో మీ సెల్‌ఫోనులోకి వచ్చేదా? నాకు అనుమానమే.

గొంతు ఖరీదెంత?

ఆ రాత్రి ఇర్వింగ్‌లో మా కోడలు వేడి వేడి పెసరట్లు వేస్తుంటే విక్కీ అసలు సంగతి బయటపెట్టాడు.

"తాతయ్యా, నేను వాయిస్ యాక్టర్ అవుతా."

పెనం మీద అట్లకాడ ఠంగుమంది. "చూడండి మామయ్యగారూ! వీడి లెక్కల మార్కులు చూశారా? మీరైనా చెప్పండి."

నేనేం చెప్పను? విక్కీకి ఒక సంగతి తెలుసు కాబట్టి అదే అడిగాను - "2022లో ఏమైందిరా?"

వాడే చెప్పాడు. 'మాబ్ సైకో 100' మూడో భాగం వచ్చింది. మొదటి రెండు భాగాల్లో హీరోకి గొంతిచ్చిన కైల్ మెకార్లే ఒక మాట అన్నాడు - "ఈసారికి యూనియన్ కాంట్రాక్టు లేకుండానే చేస్తాను. కానీ రాబోయే వాటి గురించి మా యూనియన్‌తో ఒక్కసారి కూర్చుని మాట్లాడండి." కంపెనీ ఆ మీటింగుకి ఒప్పుకోలేదు. డబ్బింగు డల్లాస్ స్టూడియోలో చేయించుకుంటాం, కొన్ని పాత్రలకి గొంతులు మారతాయి అని ప్రకటించింది. హీరో గొంతు మారింది. జీతం పెంచమన్న గొడవ కూడా కాదు, మాట్లాడమన్నందుకు!

1999లో ఖర్చు తగ్గించింది బతకడానికని అన్నాను. మరి 117 కోట్ల డాలర్లు పెట్టి కొన్న ఇంట్లో ఒక్క మీటింగుకి ఇంత కష్టమా?

విక్కీకి నా కథా చెప్పాను. 1984లో మద్రాసులో ఉద్యోగం లేని రోజుల్లో ఒక డబ్బింగు సినిమాకి గుంపులో గొంతిచ్చాను. ఇప్పట్లా ఒక్కొక్కరే గదిలో నిలబడి, మూడు బీపులు విని నాలుగో దానికి అందుకోవడం కాదు. ఫిలిం ముక్క చుట్టలా కట్టి అదే సీను మళ్ళీ మళ్ళీ తిప్పేవారు. ఒకే మైకు చుట్టూ అందరం. చివర ఒకడు తడబడితే అందరం మళ్ళీ మొదటికి. రోజంతా నిలబడితే నాది ఒకే డైలాగు. సాయంత్రం, "రేపు రండి, డబ్బులిస్తాం," అన్నారు. మర్నాడు వెళితే నా తర్వాతి సీన్లన్నీ ఒకే మనిషి చేత నాలుగు గొంతులతో చెప్పించేస్తున్నారు. ఖర్చు కలిసొస్తుందట! నాకు పని లేదు, నిన్నటి డబ్బులూ లేవు.

"మరి మీరు గొడవ పెట్టలేదా?"

"ఒక్కణ్ణి. ఎవరితో పెట్టను?"

విక్కీ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "అందుకే యూనియన్ అంటున్నారన్నమాట," అన్నాడు. లెక్కల్లో మార్కులు రాకపోతేనేం, ఈ లెక్క అర్థమైంది.

కోడలితో ఒక్కటే అన్నాను. "వాణ్ణి గొంతు నేర్చుకోనివ్వమ్మా. దాంతోపాటు కాంట్రాక్టు చదవడం కూడా నేర్పించు. లెక్కలు అక్కడ పనికొస్తాయి." ఆవిడ నవ్వి ఇంకో అట్టు వేసింది. రాజీ కుదిరినట్టే.

నేను తిరిగొచ్చాక ఆ ఏడు చివర్లోనే ఇంకో కబురు. అమెజాన్ వాళ్ళు 'బనానా ఫిష్' మొదలైన వాటికి మనుషులు లేకుండా కంప్యూటరు చేత ఇంగ్లీషు డబ్బింగు చెప్పించారు. ప్రాణం పోయే సీనులో కూడా ఆ గొంతు రైల్వే స్టేషన్లో బండి ఆలస్యం ప్రకటించినట్టుందని అభిమానులు దుమ్మెత్తిపోశారు. డిసెంబరు మొదట్లో తీసేశారు. తీయించింది ఎవరనుకున్నారు? చూసేవాళ్ళే. అంటే మీరే!

కాబట్టి ఈసారి జపాను బొమ్మ తెలుగులో ఏడిస్తే, చివర పేర్లు పడేదాకా సీట్లోంచి లేవకండి. రెండు నిమిషాలు. ఆ పేర్లలో మీ వీధి అబ్బాయో, మీ కాలేజీ అమ్మాయో ఉండొచ్చు.

ఇంతకీ నా తిరుగు ప్రయాణం. విమానాశ్రయంలో సెక్యూరిటీ లైను ముందు విక్కీ కాళ్ళకి దణ్ణం పెట్టి, చెవిలో అడిగాడు - "తాతయ్యా, మద్రాసులో మీరు చెప్పిన ఆ డైలాగేంటి?"

నలభై ఏళ్ళయింది. అయినా మర్చిపోతానా? ఛాతీ నిండా గాలి పీల్చి అందుకున్నాను.

"అమ్మో! వరదొచ్చింది... పారిపోండి!"

లైను మొత్తం వెనక్కి తిరిగింది. అందులో ఇద్దరు తెలుగువాళ్ళు నిజంగానే సూట్‌కేసులు పట్టుకుని నాలుగడుగులు వేశారు.

గొంతు ఇంకా పనిచేస్తోంది. డబ్బులే ఇంకా రావాలి.