పాలపిట్టను చూడాలంటే

దసరా సాయంత్రం తెలంగాణ పల్లెల్లో పాలపిట్ట కంటపడితే శుభం. జమ్మిచెట్టు దగ్గరికి బయలుదేరిన జనం కరెంటు తీగల మీద, తుమ్మకొమ్మల చివర్ల మీద కళ్లు పెట్టుకుని నడుస్తారు. కూర్చున్నప్పుడు ఆ పిట్ట మట్టిరంగులో కలిసిపోయి ఉంటుంది. ఎగిరిందా, రెక్కల్లోని నీలమంతా ఒక్కసారి విచ్చుకుంటుంది. ముందుగా పసిగట్టేది ఎప్పుడూ పిల్లలే. వాళ్లు “అగో, అగో!” అంటుంటే పెద్దవాళ్లు ఇంకా ఏ తీగ మీదా అని వెతుకుతుంటారు. నాకు ఈ ఆచారమంటే ఎంతో ఇష్టం. పండుగ పూట ఇంటిల్లిపాదినీ గడప దాటించి తలెత్తి చూడమనే ఆచారాలు ఎన్నో లేవు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనం అలాంటిదే మరొకటి.

నగరంలో పద్ధతి మారింది. పట్టి తెచ్చిన పాలపిట్టను పంజరంలో పెట్టి తిప్పుతారు, చూసినవాళ్లు డబ్బులిస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పైగా అది తెలంగాణ రాష్ట్రపక్షి. పిట్టకు జరిగే హింస అలా ఉండగా, చూసేవాళ్లకూ నష్టమే. పిట్ట మూరెడు దూరంలోకి వచ్చేసరికి పొలిమేర దాకా నడిచే పనీ, దూరంగా చూసే పనీ రెండూ పోయాయి.

ఆ దూరపు చూపు గురించే నా బెంగ. పట్నంలో ఏ ప్రైమరీ స్కూలుకు వెళ్లినా కళ్లద్దాల పిల్లలు కనిపిస్తున్నారు. ఫోను చూసి చూసి సైటు వచ్చిందంటాం. అస్తమానం దగ్గరగా చూడటం ఒక కారణమైతే, ఆరుబయటి వెలుతురు అందకపోవడం మరో కారణం. తరగతి గదిలో వెలుతురు మామూలుగా 300 నుంచి 500 లక్సులు. ఎండ కాసేచోట అది లక్ష దాకా పోతుంది. అంత వెలుతురు సోకినప్పుడు రెటీనాలో డోపమైన్ విడుదలై, కనుగుడ్డు మితిమీరి పొడవు పెరగకుండా ఆపుతుందని నేత్ర శాస్త్రజ్ఞులు ఎక్కువగా చెప్పే మాట. కనుగుడ్డు పొడవు సాగితే దూరాన ఉన్నది మసకబారుతుంది.

మన ఎండల్లో పిల్లల్ని బయటికెలా పంపుతామని తల్లులు అడుగుతారు. రెంటచింతల, రామగుండం వేసవులు ఎరిగినవాళ్లెవరూ ఆ మాట కొట్టిపారేయలేరు. అయితే కంటికి కావలసింది మండుటెండ కాదు. చెట్టు నీడలో కూడా వేల లక్సుల వెలుతురు ఉంటుంది, గదిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వేపచెట్టు కింద గోళీలాడుకున్నా, చీమలబారు ఎటు పోతోందో చూస్తూ కూర్చున్నా, రాలిన నేరేడు పళ్లు ఏరుకుని నాలుక ఊదారంగు చేసుకున్నా కంటికి అందాల్సింది అందుతుంది. పొద్దుటి పూటా, సాయంత్రమూ ఉండనే ఉన్నాయి. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడిలో పిల్లలు పొద్దుగూకే వేళ మాట్లాడకుండా కూర్చుని కొండల వైపు చూస్తారు. దాన్ని అస్తాచలం అంటారు. ఫీజుల సంగతి పక్కన పెడితే, ఆ కాసేపటి మౌనానికి మాత్రం ఏ బడికీ ఖర్చు లేదు.

చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 బడుల మీద ఒక పరీక్ష చేశారు. సగం బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు ఆరుబయట అదనంగా ఒక పీరియడ్ పెట్టారు. మూడేళ్లు గడిచాక, మామూలు బడుల్లో 39.5 శాతం మందికి కొత్తగా సైటు వస్తే, ఈ బడుల్లో 30.4 శాతం మందికే వచ్చింది. 2015లో ఫలితాలు ప్రచురించారు. మందు లేదు, యంత్రం లేదు, ఒక్క పీరియడ్.

సైటు రాకుండా ఆపడంలో కనిపించినంత ఫలితం, వచ్చాక పెరగకుండా ఆపడంలో కనిపించదు. అందుకే చిన్న తరగతులతోనే మొదలుపెట్టాలి. అపార్టుమెంటు లాంటి భవనంలో నడిచే బడి అయితే, దగ్గర్లోని పార్కుకు రోజూ పిల్లల్ని వరుసలో నడిపించుకెళ్లే ఏర్పాటు చేయమని తల్లిదండ్రులు అడగాలి. అడ్మిషన్ రోజున ఏసీ గదులు చూపిస్తారు కదా, అప్పుడే అడగాలి. మైదానం ఉన్న బడిలో మాస్టార్లను నేను కోరేది ఒకటే: పరీక్షలు దగ్గరపడ్డాయని ఆటల పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేయకండి.