అమ్మ కోళ్లు, బాబాయి బచ్చలి

కోళ్ల గురించి రాసే రోజొకటి వస్తుందని నేనూ అనుకోలేదు. నాకు జావా తప్ప ఇంకేమీ రాదనుకునే మా టీమ్ వాళ్ల కంట పడితే నవ్వుకుంటారు. నవ్వుకోనీండి.

2020 మార్చిలో, లాక్‌డౌన్ పెట్టడానికి సరిగ్గా వారం ముందు, మా ఆవిడనీ పాపనీ తీసుకుని తెనాలి దగ్గర మా ఊరికి వెళ్లాను. రెండు వారాలకని వెళ్లి రెండేళ్లున్నాం. నాన్న పోయాక అమ్మ అక్కడ ఒక్కతే ఉంటోంది. ఒక్కతే అంటే ఊరుకోదు, తనకి పన్నెండు కోళ్లున్నాయి. ఒక పుంజు, పదకొండు పెట్టలు. పొద్దున గంప ఎత్తితే ఊరంతా తిరిగి సాయంత్రం అవే వస్తాయి. మేత ఖర్చంటే గుప్పెడు నూకలు, అంతే.

మా దొడ్డికీ బాబాయి వాళ్ల దొడ్డికీ మధ్య గోడ లేదు. అటువైపు ఆయన తోటకూర, గోంగూర మళ్లు. కోళ్లకి సర్వే నంబర్లు తెలీవు కదా. ఏళ్ల తరబడి "మీ కోళ్లు", "మీ మళ్లు" అనుకుంటూ నడిచిపోయింది గానీ, ఆ జూన్లో ఒక సాయంత్రం ఓ పెట్ట కుంటుకుంటూ వచ్చింది. బాబాయి రాయి విసిరాడని అమ్మ. అదిలించడానికి మట్టిబెడ్డ వేశానంతే అని బాబాయి. ఎవరిది నిజమో నాకిప్పటికీ తెలీదు. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఒకప్పుడు ఒకే పొయ్యి మీద వండుకున్న మనుషులు!

సరే, మనం ఇంజనీర్లం కదా, సమస్య కనిపిస్తే చేతులు ఊరుకోవు. గుంటూరు నుంచి ఇనప వల తెప్పించి ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పున కంచె కట్టించాను. కోళ్లు లోపల, మళ్లు బయట. బగ్ క్లోజ్డ్ అనుకున్నాను.

మూడు వారాలు తిరగలేదు, లోపల ఒక్క గడ్డిపోచ లేదు. కంచె వేసినప్పుడు గరిక ఉంది, పిచ్చి తోటకూర ఉంది, గలిజేరు ఉంది. అన్నీ తిని, వేళ్లు కెళ్లగించి, మిగిలిన నేలలో గుంటలు తీసి దుమ్ములో పొర్లాయి. వాన పడితే అదే నల్లరేగడి బురద. పని లేక ఒకదాని ఈకలు ఒకటి పీక్కోవడం మొదలెట్టాయి. రోజంతా గీరి, వెతికి, పొడుచుకు తినే జాతి అది. వెతకడానికేమీ లేకపోతే ఆ ముక్కు పక్కదాని వీపు మీదికి పోతుంది. వీపు బోసిపోయిన ఒక పెట్టని చూపించి అమ్మ అంది కదా, "ఈ జైల్లో ఉంచేకంటే కోసుకు తినడం నయంరా." అమ్మ కోడిమాంసం ముట్టదు. ఆవిడ నోట ఆ మాట వచ్చిందంటే ఎంత విసిగిందో అర్థం చేసుకోండి.

అప్పుడు మొదలైంది నా వ్యవసాయం. మొదటి రిలీజ్: తోటకూర విత్తనాలు తెచ్చి లోపల చల్లాను. అవి విత్తనాలని నాకు తెలుసు, కోళ్లకి తెలీదు. మేత వేశాననుకుని పదినిమిషాల్లో ఏరుకు తిన్నాయి. రెండో రిలీజ్: నారు పోసి, జానెడు మొక్కలయ్యాక తెచ్చి నాటాను. పొద్దున స్టాండప్ కాల్ అయ్యేసరికి ఒక్కటీ లేదు. పాప ఈ తమాషా వీడియో తీసి వాళ్ల క్లాసు గ్రూపులో పెట్టింది.

అప్పుడు గానీ లెక్కలు వేసుకోలేదు (ముందే వేసుకోవాల్సింది, మనకలవాటే). మూడు వందల చదరపు అడుగులంటే దాదాపు ఇరవై ఎనిమిది చదరపు మీటర్లు. పన్నెండు కోళ్లకి తలా రెండుంపావు మీటర్లు. ఆరుబయట తిరిగిన కోళ్ల గుడ్లు అని అమ్ముకోవాలంటే యూరప్‌లో కోడికి కనీసం నాలుగు చదరపు మీటర్ల ఆరుబయలు చూపించాలి. అక్కడ కూడా షెడ్డు తలుపు దగ్గర నేల బోసిగానే ఉంటుంది. అంటే తప్పు విత్తనానిదీ కాదు, కోడిదీ కాదు. ఆ జాగాలో అన్ని కాళ్ల కింద ఏ మొక్కా వేరు పట్టదు.

మధ్యలో అజొల్లా పిచ్చి కూడా పట్టింది. ఊళ్లో ఒక పాడి రైతు దగ్గర గుప్పెడు తెచ్చి, గుంట తీసి, ప్లాస్టిక్ పట్టా పరిచి, జానెడు నీళ్లలో పేడ కలిపి వేశాను. బ్రహ్మాండంగా పెరిగింది. కోళ్లు ఎగబడి తిన్నాయి. పాతిక శాతం మాంసకృత్తులని ఎక్కడో చదివి, ఇక దాణా మానేయొచ్చని అమ్మకి ఉపన్యాసం ఇచ్చాను. ఆ పాతిక శాతం ఎండబెట్టాక లెక్క. పచ్చి అజొల్లాలో తొంభై పాళ్లకి పైగా నీళ్లే. పెట్టకి రోజుకి నూరు, నూటిరవై గ్రాముల దాణా కావాలి, ఆ పోషణ అంతా ఆకుల్లోంచే రావాలంటే దాని పొట్ట పట్టదు. ఆకు కూర పక్కన పెట్టుకునేదే గానీ అన్నం కాదన్నమాట. అమ్మ నా మాట విననందుకు కోళ్లు బతికిపోయాయి. వేసవిలో ఎండకి అజొల్లా కూడా తేలేసింది.

పనికొచ్చినవి రెండే రెండు. ఒకటి, పాత ద్వారబంధం చెక్కలతో జానెడెత్తు చట్రాలు చేసి, పైన గట్టి ఇనప వల బిగించి, కింద గరిక పిలకలు నాటాను, రాగులు చల్లాను. వల పైకి వచ్చిన కొస వరకే కోడికి అందుతుంది, వేరు దాని గోళ్లకి అందదు. గరిక గట్టిది, ఎంత కొరికినా కింద కణుపుల్లోంచి మళ్లీ వస్తుంది. (ప్లాస్టిక్ వల వాడకండి, కాళ్లు చిక్కుకుంటాయి.) రెండోది, కంచె మధ్యలో అడ్డం కట్టి రెండు భాగాలు చేసి, ఒకటి వాడుతుంటే ఇంకోటి నెలన్నర ఖాళీగా ఉంచడం. ఖాళీగా ఉన్న దాంట్లో తోటకూర, సజ్జ చల్లితే అప్పటికి మోకాలెత్తు వస్తాయి. కోళ్ల పెంట తాజాగా ఉంటే లేత మొక్కల్ని మాడ్చేస్తుంది కాబట్టి ముందు గీకి తీసి, ఓ వాన పడ్డాకే చల్లాలి. ఇందాకటి లెక్క ప్రకారం ఇది కోడికి మీటరు చొప్పున ఇవ్వడమే. కానీ తెరిచిన రోజున ఆ హడావిడి చూడాలి.

ఇంకా నీడ కావాలి. సుబాబుల్ వేయమన్నారు గానీ దాని ఆకులో మిమోసిన్ అనే విషపదార్థం ఉంది, వద్దనుకున్నాను. మొక్క బయట ఉండి ఆకు మాత్రం లోపలికి వస్తే గొడవే లేదు కదా అనిపించింది. తీగ బచ్చలి సరిపోతుంది. అయితే మా కంచెకి ఒకపక్క ఇల్లు, ఒకపక్క బజారు, ఒకపక్క పశువుల పాక. మిగిలిన నాలుగో పక్క బాబాయిది.

రెండ్రోజులు తటపటాయించి వెళ్లాను. బాబాయి వరండాలో పేపర్ చదువుతున్నారు. "మీవైపు గట్టున నాలుగు బచ్చలి తీగలు పెట్టుకోనా బాబాయ్" అన్నాను. పేపర్ దించలేదు. "కోళ్లకా?" అన్నారు. అవునన్నాను. "నా మళ్లు తిన్నది చాల్లేదా?" అన్నారు. నేనేం మాట్లాడలేదు. పిన్ని లోపల్నుంచి మజ్జిగ తెచ్చి నా చేతికిచ్చింది. తాగేసి వచ్చేశాను. ఇలాంటివి నెగోషియేట్ చేయడం ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పరు.

నాలుగో రోజు పొద్దున చూస్తే ఆయన వైపు గట్టున ఆరు బచ్చలి ముక్కలు నాటి ఉన్నాయి. మొదళ్ల చుట్టూ పాదులు తీసి, కంచె లోపలి వైపు కోళ్లు గీరకుండా ఇటుకలు కూడా పేర్చారు. అది నాకు తట్టలేదు. రెండు నెలలకి తీగ వల మీదంతా అల్లుకుంది. లోపలికి వచ్చిన ఆకు కోళ్లది, అటువైపుది పిన్ని పప్పులోకి. ఈకలు పీక్కోవడం చాలా వరకు తగ్గింది. పచ్చసొన కూడా ముదురు రంగుకి తిరిగింది. అది ఆకుల్లోని రంగు పదార్థం వల్లేనని, దాన్ని బట్టి గుడ్డులో బలం పెరిగిందనుకోకూడదని అమ్మకి చెప్పాను. "నీకెందుకురా, చూడ్డానికి బాగుంది" అంది.

2022లో ఆఫీసుకి రమ్మన్నారు, వచ్చేశాం. మొన్న సంక్రాంతికి వెళ్తే కంచె స్తంభం మీద ఒక డొప్పలో నాలుగు గుడ్లున్నాయి. వారానికోసారి అమ్మ పెడుతుందట, పిన్ని తీసుకెళ్తుందట. మాటలు మాత్రం లేవు. నేను కంచె దగ్గర నిలబడి ఉంటే బాబాయి అటువైపు నుంచి, "ఒరేయ్, బచ్చలి గింజలు ఎండాయి, విడిగా తీసిపెట్టానని మీ అమ్మకి చెప్పు" అన్నారు.

అమ్మ నా పక్కనే నూకలు చల్లుతోంది. "వినపడిందని చెప్పు" అంది.