రెక్క కింద మూలలు, పడవ మీద రేకులు

మా కర్లపాలెం నుంచి బాపట్ల మీదుగా సూర్యలంక బీచ్‌కి వెళ్ళే ఎవరికైనా తెలుసు, అక్కడ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది, క్షిపణుల్ని ప్రయోగించి చూస్తారు. 2023 డిసెంబరులో అక్కడ ఒకే ఒక్క ఆకాశ్ యూనిట్ సుమారు 25 కిలోమీటర్ల దూరంలో నాలుగు మానవరహిత లక్ష్యాల్ని ఒకేసారి కొట్టింది. మా ఫ్రెండ్స్ గ్రూపులో అందరూ క్షిపణి గురించే మాట్లాడారు. నా డౌటు వేరే. అసలు ఆ లక్ష్యాలు రాడార్‌కి ఎంత కనపడతాయి?

సైజు ఒక్కటే లెక్క కాదు. పంపిన తరంగంలో ఎంత తిరిగి రాడార్ వైపే వచ్చిందన్నది లెక్క. దాన్ని చదరపు మీటర్లలో చెప్తారు, పేరు రాడార్ క్రాస్ సెక్షన్. నున్నగా ఏటవాలుగా ఉన్న ఒళ్ళు తరంగాన్ని పక్కకి తోసేస్తుంది. మూల అలా కాదు. క్యారమ్స్‌లో స్ట్రైకర్ మూల దగ్గర రెండు గోడలకీ తగిలితే ఎటు నుంచి వెళ్ళిందో అటే తిరిగొస్తుంది చూడండి, అదే సంగతి.

ఇప్పుడు సుఖోయ్-30 తీసుకోండి. ఆయుధాలు తగిలించుకోడానికి 12 చోట్లున్నాయి, అన్నీ బయటే. రెక్కకీ, దాని కింద వేలాడే పైలాన్‌కీ మధ్య ఒక మూల. క్షిపణి తోక రెక్కల మధ్య ఇంకొన్ని మూలలు. బాంబు వదిలేశాక కూడా పైలాన్ అలాగే ఉంటుంది, దాని మూలా ఉంటుంది. అందుకే ఎఫ్-35 ఆయుధాల్ని కడుపులో పెట్టుకుని తిరుగుతుంది. మన ఆమ్కా డిజైన్‌లోనూ అదే పద్ధతి. తమాషా ఏంటంటే, యుద్ధం లేనప్పుడు ఎఫ్-35కి కావాలనే లూనెబర్గ్ లెన్స్ అనే చిన్న బుడిపె తగిలిస్తారు. మామూలు రాడార్లకి బాగా కనపడాలి, అసలు ఎంత కనపడుతుందో ఎవరికీ తెలియకూడదు! చిన్న టార్గెట్ డ్రోన్లకీ ఇలాంటివి తగిలించి యుద్ధ విమానంలా కనపడేలా చేస్తారు.

లెక్క మాత్రం కాస్త నిరాశపరుస్తుంది. రాడార్ పసిగట్టే దూరం ఈ క్రాస్ సెక్షన్‌కి నాలుగో మూలం ప్రకారం మారుతుంది. ఒక చదరపు మీటరు విమానం బయట సామాను తగిలించుకుని అయిదు అయిందనుకోండి, కనపడే దూరం ఒకటిన్నర రెట్లే అవుతుంది. "ఒకటిన్నరే కదా" అనకండి. వంద కిలోమీటర్ల దగ్గర దొరికేవాడు నూట యాభై దగ్గరే దొరికిపోతాడు.

ఇదంతా చదువుతుంటే మా ఫ్రెండ్ వాళ్ళ నాన్న గుర్తొచ్చారు. ఆయన్ని నేనూ బాబాయ్ అనే పిలుస్తాను. ఫైబర్ బోటు మీద రాత్రుళ్ళు వేటకెళ్తారు. ఫైబర్‌లోంచి రాడార్ తరంగం చాలావరకు దూసుకుపోతుంది, మిగిలిన కాస్తా అలల గోలలో కలిసిపోతుంది. అంటే లక్షల కోట్లు పోసి సాధించే స్టెల్త్ మా బాబాయ్‌కి ఫ్రీగా వచ్చింది, అదీ అక్కర్లేనిచోట. పోయినేడాది ఒక రాత్రి పెద్ద ఓడ ఒకటి వీళ్ళ మీదికే వచ్చింది. టార్చిలు ఊపి, అరిచి, వల కోసేసి పక్కకి తప్పుకున్నారు. వల పోతే పోయిందని నవ్వుతూ చెప్తారుగానీ, పిన్ని నవ్వదు.

యుద్ధ విమానం వదిలించుకోవాలనుకునే మూలే ఈయనకి కావాలి. పైథాన్‌లో లెక్క కట్టాను. అడుగు పొడవు అంచులున్న మూడు త్రికోణపు రేకుల్ని గది మూలలా కలిపితే, ఓడల్లో వాడే 3.2 సెంటీమీటర్ల తరంగానికి ముప్పై చదరపు మీటర్ల పైనే వస్తుంది. బయట సామాను తగిలించుకున్న ఆ అయిదు మీటర్ల విమానానికి ఆరు రెట్లు! అన్నివైపులా కనపడాలంటే ఇలాంటి మూలలు ఎనిమిది ఉండాలి, రేకులు కచ్చితంగా తొంభై డిగ్రీల్లో నిలబడాలి. కాస్త వంగినా చాలా పోతుంది.

అట్టముక్కతో మోడల్ చేసి చూపించా. బాబాయ్ అటూ ఇటూ తిప్పి, "బానే ఉందిగానీ వల లాగేప్పుడు తాడు చుట్టుకుంటది అబ్బాయ్, గెడ మీద ఎత్తుగా కట్టాల. ఇనప రేకు వద్దు, ఉప్పుగాలికి ఆగదు" అన్నారు. ఈ ఆదివారం బాపట్లలో అల్యూమినియం రేకు కొనాలి. డబ్బులు పిన్ని ఇచ్చింది.