మన జట్టు ఏది?



మధురవాడ స్టేడియానికి సొంత ఐపీఎల్ జట్టు లేదు. ఎవరు వచ్చి ఆడితే వాళ్ళే ఆ పూటకి సొంతవాళ్ళు. 2016లో మహారాష్ట్రలో కరవొచ్చి, తాగడానికి నీళ్ళు లేనిచోట మైదానాలు తడపడమేమిటని కోర్టు మ్యాచ్‌లని బయటికి పంపినప్పుడు ముంబై, పుణె జట్లు ఇక్కడికొచ్చి ఆడాయి. 2024లోనూ, 2025లోనూ ఢిల్లీ క్యాపిటల్స్ తన సొంత మ్యాచ్‌లు రెండేసి ఇక్కడే ఆడింది. 2024 మార్చి 31న చెన్నై వచ్చినప్పుడైతే, సొంత జట్టు ఢిల్లీ అన్న మాటే గాని స్టాండ్ల నిండా పసుపు రంగే. చెన్నై 20 పరుగుల తేడాతో ఓడిపోయింది. ధోనీ 16 బంతుల్లో 37 కొట్టాడు. వెళ్ళినవాళ్ళు గెలిచినంత సంతోషంగా ఇళ్ళకొచ్చారు. పిలిచి పీట వేస్తే ఎవరైనా మనవాళ్ళే అనుకునే ప్రాంతం మనది. అందుకే ఆ మరుసటి ఏడు జరిగింది మమ్మల్ని బాగా ఆలోచింపజేసింది.

2025 మార్చి 30న అదే స్టేడియంలో ఢిల్లీ మీద సన్‌రైజర్స్ హైదరాబాద్ ఆడింది. ఆ రోజు ఉగాది, మనకి శ్రమల దినాల్లో నాలుగో ఆదివారం. ఆట మధ్యాహ్నం మూడున్నరకి. ఆ పూట మా ప్రసంగం కాస్త పొట్టిగా ఉందని అమ్మగారు ఇప్పటికీ దెప్పుతుంటారు. క్రికెట్ చూడడమే పాపమని చెప్పే బోధకులున్నారు, మేము ఆ మాట అనం. బెట్టింగు సంగతి వేరు, దాని మీద వేరే రాయాలి. కూడిక అయ్యాక మా యౌవనస్థులు కొందరు తగరపువలస వెళ్ళి బస్సెక్కారు. మిగిలినవాళ్ళం మందిరం పక్కింట్లో టీవీ ముందు చేరాం.

ఆ మ్యాచ్‌లో ఎవరి పక్షం ఉండాలి? తెలుగువాళ్ళ జట్టని చిన్నప్పటినుంచి అనుకున్నది హైదరాబాద్. మన ఊరి పేరు చెప్పుకుని సొంత మైదానంగా ఆడుతున్నది ఢిల్లీ. పైగా హైదరాబాద్ జట్టులో ఉన్న నితీశ్ కుమార్ రెడ్డి అచ్చంగా మన విశాఖ కుర్రాడు. కొడుకు ఆట కోసం తండ్రి హిందూస్థాన్ జింక్‌లో ఉద్యోగం వదులుకున్న సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. ఆ పూట నితీశ్ రెండు బంతులాడి, సొంత ఊళ్ళో, స్టార్క్ చేతిలో సున్నాకి ఔటయ్యాడు. టీవీ ముందు సగంమంది ఎగిరి గంతేశారు. మరుక్షణం ఔటయింది ఎవరో గుర్తొచ్చి, గంతేసినవాళ్ళే "అయ్యో" అన్నారు. ఆ రెండూ ఒకే నోట్లోంచి రావడం మేము కళ్ళారా చూశాం. స్టార్క్ ఐదు వికెట్లు తీశాడు, హైదరాబాద్ 163కి కుప్పకూలింది, ఢిల్లీ 16 ఓవర్లలో ముగించేసింది.

అసలు సంగతి ఆ తర్వాత మొదలైంది. మా సంఘంలో ఇద్దరు బావాబామ్మర్దులున్నారు. పెద్దవాడు కొమ్మాది వైపు ఆటో నడుపుతాడు, మందిరంలో డోలక్ వాడిదే. చిన్నవాడు అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని రెండేళ్ళు హైదరాబాద్‌లో ఉండి వచ్చాడు. పెద్దవాడు ఢిల్లీ, చిన్నవాడు హైదరాబాద్. ఆ రాత్రి పెద్దవాడు ఫోన్‌లో స్టేటస్ పెట్టాడు: హైదరాబాద్ మనల్ని 2014లోనే వదిలేసింది, కొందరు ఇంకా దాని తోక పట్టుకుని వేలాడుతున్నారు అని. చిన్నవాడు ఊరుకోలేదు. ఢిల్లీ మనకేం చేసింది బావా, ఉక్కు ఫ్యాక్టరీ అమ్మేస్తాననడం తప్ప, అని రాశాడు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. 2021లో కేంద్రం స్టీల్ ప్లాంట్ ప్రైవేటీకరణ నిర్ణయం ప్రకటించాక నడిచిన దీక్షా శిబిరంలో పెద్దవాడి తండ్రి రోజుల తరబడి కూర్చున్నవాడు. నువ్వా మా నాన్న సంగతి ఎత్తేది అని వీడు, ముందు ఎత్తింది నువ్వే అని వాడు. వారం తిరిగేసరికి ఒకరు కూర్చున్న చాప మీద రెండోవాడు కూర్చోవడం మానేశాడు.

చూశారా, ఇందులో క్రికెట్ ఎంతుంది? వీడిది రాష్ట్రం విడిపోయిన పుండు, వాడిది పొట్టకూటి భయం. జట్ల రంగులు పైన కప్పిన గుడ్డ మాత్రమే. పందెంలో కసి ఉండాలి, లేకపోతే ఆటకి ఉప్పూకారం ఉండదు. అయితే ఎప్పటి బాధో తెచ్చి ఆటలో కలిపితే ఆ కసి ఓవర్లు అయిపోయినా ఆగదు.

ఆడేవాళ్ళు ఎలా ఉంటారో చూడండి. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో నితీశ్ 99 మీద ఉండగా బుమ్రా ఔటయ్యాడు. మిగిలింది చివరి ఆటగాడు సిరాజ్, హైదరాబాద్ వాడు. కమిన్స్ వేసిన మూడు బంతులు ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆపాడు. తర్వాతి ఓవర్లో మన విశాఖవాడు ఫోర్ కొట్టి వంద చేశాడు. స్టాండ్లో తండ్రి ఏడ్చాడు. క్రిస్మస్ వారమది, మా మందిరం వాకిట్లో ఒకే ఫోన్ చుట్టూ మూగి చూశాం, ఈ బావాబామ్మర్దులు ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని ఉన్నారు. ఉగాది మ్యాచ్ జరిగిన వారానికి అదే సిరాజ్ గుజరాత్ చొక్కా వేసుకుని, సొంత ఊరు హైదరాబాద్‌లో, నితీశ్ ఉన్న జట్టు మీద 17 పరుగులకి నాలుగు వికెట్లు తీశాడు. మెల్‌బోర్న్‌లో నిలబెట్టినవాడే ఉప్పల్‌లో పడగొట్టాడు. రెండూ వాడి పనే, రెండూ మనసుపెట్టి చేశాడు.

కొరింథు సంఘంలోనూ ఇదే తంతు. కొందరు పౌలు పక్షం, కొందరు అపొల్లో పక్షం, కొందరు కేఫా పక్షం. పౌలూ అపొల్లో చూస్తే ఒకే పొలంలో పనివాళ్ళు. పేచీ పెట్టుకున్నది వెనకున్న జనం.

స్కాట్లండ్‌లో గ్లాస్గో నగరం సంగతి ఇంకా బాధాకరం. 1887లో వాల్‌ఫ్రిడ్ అనే కథోలిక సహోదరుడు పేదపిల్లలకి అన్నం పెట్టడానికి డబ్బు కావాలని సెల్టిక్ ఫుట్‌బాల్ జట్టు మొదలుపెట్టాడు. ఎదురుగా ఉన్న రేంజర్స్ ప్రొటెస్టెంట్ల జట్టుగా పేరుపడింది. 1985లో అబెర్డీన్ గెలిచాక నలభై ఏళ్ళు ఆ దేశపు లీగ్ టైటిల్ ఈ ఇద్దరి మధ్యే తిరిగింది. ఏటా ఇద్దరిదే పోటీ అయితే పగ చల్లారేదెప్పుడు? 1989లో సెల్టిక్‌కి ఆడిన కథోలికుడు మో జాన్‌స్టన్‌ని రేంజర్స్ తీసుకుంటే, సొంత అభిమానులే కొందరు జట్టు కండువాలు తగలబెట్టారు. పిల్లల అన్నం దగ్గర మొదలైన కథ అది. ఇద్దరూ క్రీస్తు పేరు చెప్పుకునేవాళ్ళే. ఇది చదివి మేము చాలాసేపు మౌనంగా ఉండిపోయాం.

ఇంతా చేసి ఆ ఏడు టైటిల్ ఎవరికి దక్కింది? మొదటి నాలుగు మ్యాచ్‌లూ గెలిచిన ఢిల్లీ చివరికి ఐదో స్థానంలో ఆగింది, హైదరాబాద్ ఆరో స్థానంలో. ఇద్దరికీ ప్లేఆఫ్స్ కూడా లేవు. జూన్ 3న బెంగళూరు తన పద్దెనిమిదో సీజన్‌లో మొదటిసారి గెలిచింది. మర్నాడు అక్కడి స్టేడియం దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఆ కుటుంబాల కోసం ఆదివారం మా కూడికలో ప్రార్థన చేశాం. బావాబామ్మర్దులు చెరో మూల మోకరించారు.

మేము వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి పంచాయితీ చేయలేదు. పెద్దలు చెయ్యమన్నారు. కానీ బలవంతంగా చేతులు కలిపిస్తే మనసులు కలవవని ఇన్నేళ్ళ సేవలో చూశాం. కాకపోతే చిన్నవాడి తల్లికి ఈ మధ్య మోకాళ్ళ నొప్పి ఎక్కువైంది. పెద్దవాడికి ఆమె మేనత్త. ప్రతి బుధవారం వాడే వచ్చి ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్తున్నాడు. వాకిట్లో హారన్ కొడతాడు, లోపలికి రాడు. మొన్న చిన్నవాడు చెంబుతో నీళ్ళు తెచ్చి, ఆటోలో ముందు సీటు మీద పెట్టి, మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయాడట.

"తాగాడా అమ్మా?" అని అడిగాం.

"తాగాడు అయ్యగారూ. చెంబు మాత్రం ఇవ్వలేదు, ఆటోలోనే ఎట్టుకున్నాడు" అంది ఆమె నవ్వుతూ.