తాళం వేసిన ఇళ్లు

2024 జూన్ 9, ఆదివారం

పొద్దున ఆరుంబావు. ఎదురింటి పిన్నిగారి మెళ్లో పుస్తెలతాడు తెంపుకుపోయారు. పాలపాకెట్లు తెచ్చుకుంటోంది. బండి మీద ఇద్దరు. వెనకవాడు ఏదో అడ్రసు అడిగాడు. ఆవిడ చెయ్యి చాపి దారి చూపిస్తోంది. చూపిస్తుండగానే లాగాడు.

మెడ చుట్టూ ఎర్రటి గీత. ఒకచోట రక్తం.

"వాడికి దారి చెబుతున్నానమ్మాయ్ నేను." నాలుగైదుసార్లు అదే మాట. బంగారం సంగతి ఒక్కసారే ఎత్తింది.

జూన్ 10

స్టేషన్‌కి తోడు వెళ్లాను. కుర్రాడు ఎస్సై. లేచి కుర్చీ వేశాడు. మంచినీళ్లు తెప్పించాడు. ఎన్ని తులాలు, ఎప్పుడు చేయించారు, రసీదు ఉందా. నలభై ఆరేళ్ల కిందటి తాడు. రసీదు లేదు. ఫొటో ఉంటే తెమ్మన్నాడు. పెళ్లి ఫొటో తీసుకెళ్లాం. నలుపు తెలుపు. పూలదండల కింద తాడు కనబడలేదు. పిన్నిగారు ఫొటోని కొంగుతో తుడిచి మళ్లీ చూపించింది.

ఎఫ్ఐఆర్ రాశారు. కాపీ చేతికిచ్చారు. అది మా హక్కే. అయినా ఇచ్చినందుకు మనసు కుదుటపడింది.

జూన్ 14

ఆవిడ మెళ్లో ఇప్పుడు పసుపుతాడు, పసుపుకొమ్ము. తాడు పోయిన రోజే మధ్యాహ్నం బాబాయిగారు కట్టారట. ఆయన చెయ్యి వణుకుతుంది. ముడి రెండుసార్లు జారిందట.

జూన్ 20

పిన్నిగారు వాకింగ్ మానేసింది. పాలు ఇప్పుడు బాబాయిగారు తెస్తున్నారు. మోకాళ్ల నొప్పులతో.

జులై 1

ఇవాళ్టి నుంచి కొత్త చట్టాలు. 1860 నాటి శిక్షాస్మృతి పోయింది. 511 సెక్షన్ల చోట 358. దొంగతనం 379 ఉండేది, ఇప్పుడు 303. ఇంట్లో దొంగతనం 380, ఇప్పుడు 305. గొలుసు లాక్కోవడానికి ఇదివరకు సొంత సెక్షన్ లేదు. దొంగతనం కిందో దోపిడీ కిందో రాసేవాళ్లు. ఇప్పుడు 304 అని దానికే ఒకటి ఉంది. పిన్నిగారిది మూడు వారాల ముందు జరిగింది. పాత గడిలోనే పడుతుంది.

ముప్ఫై నాలుగేళ్లు గణాంక శాఖలో పట్టికలు నింపాను. గడి మారిన ఏడాది అంకె పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. బయట ఏమీ మారకపోయినా సరే. వచ్చే ఏడు ఎవరైనా "స్నాచింగులు ఇంత శాతం" అన్నప్పుడు ఈ తారీఖు గుర్తుంచుకోవాలి. అందుకే రాసిపెడుతున్నా.

జులై 11

నేరాల రేటు అంటే లక్ష జనాభాకి ఇన్ని కేసులని. పైన కేసులు. కింద జనాభా. ఆ జనాభా 2011 లెక్కల మీద వేసిన అంచనా. తర్వాతి జనగణన జరగలేదు.

2011లో మా కాలనీ ఎలా ఉండేదో నాకు బాగా గుర్తు. ఉప్పల్ దాటాక రోడ్డు పక్కన హద్దురాళ్లు పాతిన ప్లాట్లు, తుమ్మచెట్లు. పట్టుమని పది ఇళ్లు లేవు. రాత్రిళ్లు నక్కలు అరిచేవి. 2017లో నాగోల్ దాకా మెట్రో వచ్చాక చూస్తుండగానే ఐదంతస్తులు లేచాయి. నగరమంతటికీ వేసిన అంచనా మా రెండు వీధులకు ఎలా సరిపోతుంది? చిన్న చోటికి రేటు కట్టినప్పుడు ఇంకో చిక్కు ఉంది. నిరుడు ఒక దొంగతనం, ఈ ఏడు రెండు. నూరు శాతం పెరుగుదల.

జులై 19

అక్క కొడుకు ఫోను సిటీ బస్సులో కొట్టేశారు. ఫిర్యాదులో "దొంగిలించారు" అని రాసుకెళ్లాడు. "పోయింది" అని మార్చి రాయించారట. ఏ స్టేషనో ఇక్కడ రాయను.

"పోయింది". జేబులోంచి జారినా పోయిందే. ఎవడో ఎత్తుకెళ్లినా పోయిందే. మనిషి చచ్చిపోయినా అదే మాట. కాగితం మీద మాత్రం ఆ మాటకి ఒకటే అర్థం. పోగొట్టుకున్నాడు. కేసు లేదు.

సుప్రీంకోర్టు 2013 నవంబరు 12న లలితా కుమారి కేసులో తేల్చి చెప్పింది. పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగల (కాగ్నిజబుల్) నేరం జరిగిందని ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్ఐఆర్ రాసి తీరాలని. వాడికి ఇది చెప్పాను. "ఫోను వస్తే చాలు పిన్నీ" అన్నాడు. పోయిన ఫోన్ల పోర్టల్లో ఐఎంఈఐ నంబరు ఇచ్చి బ్లాక్ చేయించాడు.

వాడికి ఫోను దొరికినా దొరక్కపోయినా ఆ దొంగతనం ఏ పుస్తకంలోనూ ఉండదు. ఇది నన్ను రెండు రోజులుగా తొలుస్తోంది.

ఆగస్టు 2

మా మలుపులో కరెంటు స్తంభం లైటు వెలగడం లేదు. ఇరవై రోజులైంది. మళ్లీ ఫోన్ చేశాను. ఆ స్తంభానికి అసలు నంబరు రంగు చెరిగిపోయింది. పక్కదాని నంబరు చెప్పి, "దాని తర్వాతది" అన్నాను.

ఆగస్టు 16, వరలక్ష్మీ వ్రతం

పేరంటానికి పిలిచినవాళ్లలో సగం మంది మెళ్లో గిల్టువే. ఒకావిడ కారు దిగి, గుమ్మంలోకి వచ్చాక పర్సులోంచి నిజం గొలుసు తీసి వేసుకుంది. వెళ్లేటప్పుడు తీసి మళ్లీ పర్సులో పెట్టుకుంది. ఎవరూ వింతగా చూడలేదు.

పిన్నిగారు వచ్చింది. రోడ్డు దాటి. బాబాయిగారు తోడొచ్చి, వాకిట్లో నిలబడి, తిరిగి తీసుకెళ్లారు. ముప్ఫై అడుగుల రోడ్డు.

ఆగస్టు 29

సి బ్లాకులో పిల్లాడి సైకిలు కనబడలేదు. సాయంత్రానికి వాచ్‌మన్ గదిలో సామాన్లన్నీ బయట పెట్టించారు. బియ్యం డబ్బా కూడా. సైకిలు రాత్రికి దొరికింది. పిల్లాడు ట్యూషన్ దగ్గర మరిచిపోయి నడిచి వచ్చాడు.

వాచ్‌మన్ భార్య సామాన్లు లోపల సర్దుకుంటోంది. నేనూ రెండు గిన్నెలు అందించాను. "మేం నారాయణపేట కెల్లి వచ్చినం అమ్మా. ఏం పోయినా ముందుగాల మా అర్రనే సూస్తరు." అంతే అంది. ఎవరూ ఆమెకు క్షమాపణ చెప్పలేదు. నేను చెప్పాను. నేను వెతకలేదు. కానీ వెతుకుతుంటే బాల్కనీలో నిలబడి చూశాను.

ఆగస్టు 30

నిన్న సామాన్లు బయట పెట్టిస్తున్నప్పుడు ఒకాయన "స్టువర్టుపురం బ్యాచ్" అన్నాడు. ఎంత తేలిగ్గా వస్తుందో ఆ మాట. సినిమాల్లోంచి వచ్చి నాలుక మీద కూర్చుంది.

బాపట్ల దగ్గర ఊరు. 1913లో సాల్వేషన్ ఆర్మీ చేత ప్రభుత్వం పెట్టించిన సెటిల్‌మెంటు. ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ ఉంచారు. 1871లో మొదలైన చట్టం పుట్టుకతోనే కొన్ని కులాలను నేరస్థులని రాసేసింది. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటితే అనుమతి. 1952లో దేశమంతటా రద్దయింది. అక్కడివాళ్ల కోసం హేమలతా లవణంగారు ఎన్నేళ్లు పనిచేశారో. కవి జాషువాగారి కూతురు.

రద్దయి డెబ్బై రెండేళ్లు. వాచ్‌మన్ గది ముందు ఆ మాట ఇంకా వినబడుతోంది.

సెప్టెంబరు 15

పై వాటాలో అద్దెకుండే అమ్మాయి రాత్రి పదకొండుకి దిగుతుంది. మెయిన్ రోడ్డు నుంచి ఇంటిదాకా ఫోన్లో గట్టిగా మాట్లాడుతూ వస్తుంది. "ఆఁ డాడీ, వచ్చేశా, గేటు దగ్గరే ఉన్నా." రోజూ వింటాను. ఇవాళ మెట్ల మీద ఎదురైంది. నాన్నగారికి నిద్ర ఉండదా అని అడిగాను.

"అవతల ఎవరూ ఉండరు, ఆంటీ."

ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టే పోలీసు బృందాలు, షీ టీమ్స్, మొదలై వచ్చే నెలకి పదేళ్లు. 2014 అక్టోబరు 24. నంబరు ఆ అమ్మాయి ఫోన్లో ఉంది. ఎప్పుడూ కొట్టలేదు. ఆమెకు ఇక్కడ ఏమీ జరగలేదు కూడా. లెక్కలో ఆమె సున్నా.

స్తంభం లైటు వెలిగింది. రాయడం మరిచాను. నెల దాటింది.

అక్టోబరు 10, సద్దుల బతుకమ్మ

రాత్రి పదకొండున్నర. ఇప్పుడే లోపలికొచ్చాను. గునుగు, తంగేడు, బంతి. వీధంతా ఆడవాళ్లే. ఒంటినిండా బంగారం. సెల్లార్లో చెప్పులు గుట్టగా. ఏడేళ్ల పిల్ల ఒక్కతీ పరిగెత్తుకుంటూ వీధి చివర కొట్టుకెళ్లి నీళ్ల బాటిల్ తెచ్చుకుంది. ఎవరూ "ఒక్కదానివే వద్దు" అనలేదు.

మలుపు దగ్గర గస్తీ కానిస్టేబుల్ బండి స్టాండు వేసి సత్తుపిండి తింటున్నాడు.

పిన్నిగారు బాల్కనీలోంచి చూసింది. చప్పట్లు అక్కడినుంచే కొట్టింది.

అక్టోబరు 27

రేడియోలో ప్రధాని డిజిటల్ అరెస్టు గురించి చెప్పారు. అలాంటిది చట్టంలో లేనే లేదని. ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాతే ఏదైనా చెయ్యండని.

మా వీధి చివర లెక్చరరుగారు రిటైరయ్యారు. ఆగస్టులో ఆయన్ని ఆరున్నర గంటలు వీడియో కాల్‌లో కూర్చోబెట్టారు. ఆయన పేరు మీద పార్సిల్లో మత్తుమందులు దొరికాయని. తలుపు గడియ వేసుకోమన్నారు. వేసుకున్నారు. ఆయన భార్య అన్నం తినమని తలుపు కొడితే "క్లాసు చెబుతున్నా" అన్నారట. సొమ్ము ఎంతో చెప్పలేదు. నేను అడగలేదు.

మా వీధిలో ఏడు కెమెరాలు. "ఒక సీసీ కెమెరా వందమంది పోలీసులతో సమానం" అని బోర్డు. ఆరోజు ఏడూ పనిచేస్తున్నాయి. గేటు దాటి ఎవరూ లోపలికి రాలేదు.

సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే ఫోన్ చేస్తే కొంత సొమ్ము బ్యాంకులో ఆపగలరు. మొదటి గంటే ముఖ్యం. ఆయన ఇప్పటిదాకా చెయ్యలేదు. అమెరికాలో కొడుక్కి తెలుస్తుందని. ఇవాళ వెళ్లి మళ్లీ చెప్పొచ్చాను. కాఫీ ఇచ్చారు. మాట మార్చారు.

అక్టోబరు 28

నేర రికార్డుల బ్యూరో పుస్తకం తీశాను. అన్నిటికంటే కొత్తది 2022ది. నిరుడు డిసెంబరులో వచ్చింది. తెలంగాణ సైబర్ నేరాలు: 2020లో 5,024. 2021లో 10,303. 2022లో 15,297. రెండేళ్లలో మూడు రెట్లు. దేశంలో అందరికంటే ఎక్కువ.

ఇది సిగ్గుపడాల్సిన అంకె అని పేపర్లో రాశారు. నాకు అలా అనిపించలేదు. రాయించుకున్నవాళ్లు పదిహేను వేల మంది ఉన్నారు. లెక్చరరుగారు అందులో చేరాలని నా కోరిక.

ఇంకొకటి. ఒకే ఎఫ్ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే పుస్తకం అన్నిటికంటే పెద్దదాన్నే లెక్కపెడుతుంది. మిగతా మూడూ దాని నీడలో ఉండిపోతాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇది తెలిసి రాత్రి నిద్రపట్టలేదు.

నవంబరు 8

ఇంటింటి సర్వే. టీచరమ్మ వచ్చి తలుపు మీద స్టిక్కరు అంటించింది. చంకలో రిజిస్టరు, ఎండకి వాడిన మొహం. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. మా బ్లాకులో ఎన్ని ఇళ్లకు తాళాలున్నాయని అడిగాను. ఇరవైలో ఆరు. రెండు అమ్ముడుపోనివి, ఒకటి అమెరికా, ఒకటి దుబాయ్, రెండు ఎవరివో వాచ్‌మన్‌కి కూడా తెలియదు.

2014 ఆగస్టు 19 గుర్తొచ్చింది. ఒక్క రోజులో రాష్ట్రమంతా సర్వే. అందరూ ఊళ్లకు పోయారు, పేరు రాయించుకోవడానికి. ఆరోజు నగరంలో ఎన్ని తాళాలో.

నవంబరు 24

పిన్నిగారి కేసులో ఎస్సై ఫోన్ చేశాడు. వేరే జిల్లాలో ఇద్దరు దొరికారు. పదిహేడు చోట్ల చేశామని ఒప్పుకున్నారట. సొత్తు మాత్రం కరిగించేశారు. ముద్ద దొరికింది. అందులో ఎవరిది ఎంతో కోర్టు తేల్చాలి.

"ముద్దలో నాది ఏదో నాకు తెలుస్తుందా?" అని పిన్నిగారు అడిగింది.

ఆ ఇద్దరిలో ఒకడికి పందొమ్మిదేళ్లట. "వాడేనా దారడిగింది?" అంది. ఎస్సైకి తెలియదు.

డిసెంబరు 2

లెక్చరరుగారు 1930కి చేశారు. మూడు నెలల తర్వాత. ఆయన భార్యే చేయించింది. సొమ్ము రాదని చెప్పారట, అయినా ఫిర్యాదు నంబరు వచ్చింది. ఆ నంబరు కాగితం మీద రాసి మా ఇంటికి తెచ్చి చూపించారు.

డిసెంబరు 29

ఏడాది చివర. కమిషనర్లు వార్షిక నివేదికలు చదివే వారం. పేపరు నిండా బాణం గుర్తులు, పైకీ కిందికీ. కత్తిరించి పెట్టుకున్నాను. పాత అలవాటు.

నా దగ్గరున్నదీ కింద రాసుకున్నాను. పాలు తేవడం మానేసినవారు ఒకరు. లేని నాన్నతో మాట్లాడేవారు ఒకరు. గిల్టు గొలుసులు, వ్రతం రోజు చూసినవి, తొమ్మిది. బియ్యం డబ్బా బయట పెట్టించుకున్నవారు ఒక కుటుంబం, నలుగురు మనుషులు.

2025 జనవరి 12

విజయవాడ హైవే మీద కార్లు బారులు తీరాయని టీవీలో. సంక్రాంతి. ఆంధ్రా వెళ్లేవాళ్లంతా వెళ్లిపోయారు. మా బ్లాకులో పన్నెండు ఇళ్లకు తాళాలు. ఊరెళ్తే స్టేషన్‌లో చెప్పి వెళ్లండని మైకులో చెప్పుకుంటూ ఆటో తిరిగింది.

నాకు ఐదు ఇళ్ల తాళాలు ఇచ్చి వెళ్లారు. సాయంత్రం లైటు వెయ్యడానికి, తులసికి నీళ్లకి. పొద్దునే తీసెయ్యాలి. పగలు లైటు వెలుగుతుంటే ఇల్లు ఖాళీ అని తెలిసిపోతుంది. పేపరు గుమ్మంలో ఉండనివ్వకూడదు. పాలసంచి గేటుకి వేలాడనివ్వకూడదు.

జనవరి 13, భోగి

సాయంత్రం ఆరు. తాళాలగుత్తి పట్టుకుని బయల్దేరాను. ఎదురింటి గేటు చప్పుడైంది. పిన్నిగారు. శాలువా మెడ చుట్టూ కప్పుకుంది. "ఒక్కదానివే పన్నెండు ఇళ్లూ తిరుగుతావా" అంది. ఐదేనన్నాను.

బాబాయిగారు వాకిట్లోనే ఉండిపోయారు. ఆవిడే వద్దంది.

మొదటి ఇంట్లో హాల్లో వేశాం. రెండో ఇంట్లో వంటింట్లో వేశాం, వీధిలోకి కనబడేది అదే. వాచ్‌మన్ భార్య టార్చి పట్టుకుని ముందు నడిచింది. మెట్ల దగ్గర పిన్నిగారి చెయ్యి పట్టుకుంది. మలుపు దగ్గర బండి చప్పుడు. పిన్నిగారు ఆగింది. మేమూ ఆగాం. బండి వెళ్లిపోయింది. నడిచాం.

మూడో ఇంట్లో బల్బు మాడిపోయింది. రేపు తేవాలి.