కూలి ఒక్కటే నా చేతిలో ఉంది

మా ఊరు కోనసీమలో మోరికి దగ్గర. ఈ చుట్టుపక్కల జీడిపప్పు పని ఎరగని ఇల్లు తక్కువ. మా నాన్న పెట్టిన చిన్న యూనిట్‌ని ఆయన తర్వాత నేను నడిపాను. 22 మంది ఆడవాళ్లు పనికి వచ్చేవారు. అందరూ మా ఊరివాళ్లే. నన్ను చిన్నప్పుడు ఎత్తుకు తిప్పినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు.

ఉడికించి ఆరబెట్టిన గింజను కాలి మిషన్ మీద కోస్తే లోపలి పప్పు విరగకుండా రావాలి. గుండుకున్న ధర బద్దకు ఉండదు, బద్దకున్నది ముక్కకు ఉండదు. తొక్కలోని జీడి అంటితే చర్మం పొక్కిపోతుంది. వాళ్లు చేతులకు బూడిద రాసుకుని కూర్చునేవారు. అయినా వేళ్లు నల్లబడేవి. ఆ చేతులతో పెళ్లిలో వడ్డనకు రావడానికి కొందరు సిగ్గుపడేవారు. నేనిచ్చేది కిలో లెక్కన కూలి. నాన్న పెట్టిన రేటుకే ఏ రెండేళ్లకో ఓ రూపాయి కలిపేవాణ్ని.

2016లో కార్మిక శాఖ నుంచి నోటీసు వచ్చింది. కిలో లెక్కన ఇచ్చినా సరే, రోజంతా పనిచేసిన మనిషికి ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం కంటే తక్కువ పడకూడదు. అప్పట్లో అమల్లో ఉన్న 1948 చట్టంలోనే ఉంది ఆ మాట. ఏటా ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో కరువు భత్యం కలుస్తుంది. నేనెప్పుడూ కలపలేదు. ఆ తేడా అంతా బాకీగా లెక్క తేలింది.

అమలాపురంలో ఒక వకీలు దగ్గరికి వెళ్లి, ఇచ్చుకునే తాహతు లేదని చెప్పుకోవచ్చా అని అడిగాను. కుదరదన్నాడు. 1961లో కేరళ పెంకుల ఫ్యాక్టరీల కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతి ఎప్పుడో తేల్చేసిందట. కనీస వేతనం నిర్ణయించేటప్పుడు యజమాని తాహతు చూడనక్కర్లేదని. బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. కేరళలో 2015లో కూలి పెంచాక కొల్లంలో ఎన్నో జీడి ఫ్యాక్టరీలు మూతపడ్డాయని వ్యాపారులు చెప్పుకునేవారు. నా గతీ అంతే అనుకున్నాను.

ఆ రాత్రి లెక్కల పుస్తకం తీశాను. గింజ మార్చి నుంచి మే లోపల కొనాలి, అదీ రొక్కానికి. ఏడాదికి సరిపడా సరుకు కొనే డబ్బు నా దగ్గరుండదు, వడ్డీకి తేవాలి. చాలకపోతే ఆఫ్రికా గింజ కొనాలి. ఆ ఏడాదే దానిమీద 5 శాతం దిగుమతి సుంకం పడింది. పప్పు రేటు కొనే షావుకారు చెప్పిందే. గింజ ధర నా చేతిలో లేదు, వడ్డీ నా చేతిలో లేదు, పప్పు ధర నా చేతిలో లేదు. కూలి ఒక్కటే నా చేతిలో ఉంది. ఇన్నేళ్లూ నష్టం వచ్చినప్పుడల్లా నేను నొక్కింది దాన్నే. నన్ను ముంచింది కూలి కాదని పుస్తకంలో నా రాతే చెబుతోంది.

అలా తెలిసీ మళ్లీ కూలి మీదే పడ్డాను. ఇది దాచను. చట్టం చెప్పిన రేటు ఇచ్చి, పని వారానికి నాలుగు రోజులకు తగ్గించాను. తర్వాత అప్పు చేసి కటింగ్ మిషన్ తెచ్చాను. పదిమందిని ఆపేశాను. వాళ్లలో పెద్దావిడ, నేను పిన్నీ అని పిలిచే మనిషి, రోజులు తగ్గించినప్పుడే గుమ్మం దగ్గర నిలబడి అంది:

"రేటు పెంచావు, సంతోషం బాబూ. మరి రోజులేవీ? వారం గడిచేసరికి చేతిలోకొచ్చేది అంతేగా."

నాకు సమాధానం దొరకలేదు. తీరా మిషన్ కోసిన గింజలో ముక్కే ఎక్కువ పడింది. పిన్ని కోస్తే పదికి తొమ్మిది గుండే వచ్చేది.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టేసరికి కొత్త పంట అప్పుడే దిగుతోంది. పెళ్లిళ్లు లేవు, మిఠాయి కొట్లు మూసేశారు, పప్పు గదిలో ఉండిపోయింది. ఆ ఏడాది చివరికి యూనిట్ మూసేశాను. మిగిలిన 12 మందిలో కొందరు పంటు మీద రేవు దాటి నరసాపురం వైపు లేసు పనికి వెళ్లారు. కొందరు రొయ్యల షెడ్లకు పోతున్నారు. తెల్లారకముందే వ్యాన్ వస్తుంది, ఐసు నీళ్లలో నిలబడి తలలు తీయాలి. జీడి పొక్కులు మానిన వేళ్లు ఇప్పుడు నానిపోయి చిట్లుతున్నాయి.

కనీస వేతనం పెంచవద్దని నేననను. వాళ్ల ఇళ్లలో ఏం వండుకుంటారో చూసినవాణ్ని. పెంచే ప్రభుత్వాన్ని నేను అడిగేది ఒక్కటే. గింజ దిగే మూడు నెలల్లో మాలాంటి చిన్నవాళ్లకు తక్కువ వడ్డీకి అప్పు ఇప్పించండి. కూలి చట్ట ప్రకారం ఇస్తేనే ఆ అప్పు అని షరతు పెట్టండి. ఆ అప్పు 2016లో దొరికి ఉంటే ఆ పదిమందినీ ఆపేవాణ్ని కాదు.

కొబ్బరి తోటలో ఎకరం అమ్మి పాత తేడా బాకీలు తీరుస్తూ వస్తున్నాను. 18 మందికి ఇచ్చాను. ఇంకా నలుగురికి ఇవ్వాలి. అందులో పిన్ని ఒకరు.